బరువు తగ్గాక ఎప్పుడూ చలేస్తోందా? కారణం పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

పది, పదిహేను కిలోలు తగ్గినవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట: "ఇంట్లో అందరికీ ఫ్యాన్ కావాలి, నాకు దుప్పటి కావాలి." ఆఫీసులో ఏసీ పడదు. వేళ్ల కొసలు చల్లగా ఉంటాయి. మే నెలలో కూడా స్నానానికి వేడినీళ్లే. షుగర్ రీడింగ్ బాగుపడింది, మోకాళ్ల నొప్పి తగ్గింది, ప్యాంటు సైజు మారింది, కానీ ఈ చలి మాత్రం వదలడం లేదు. పెద్దమ్మ "చిక్కిపోయావు, ఒంట్లో రక్తం లేదు" అంటుంది. జిమ్ ట్రైనర్ "కొవ్వు కరిగింది కదా, మామూలే" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉండొచ్చు. మీ విషయంలో ఎవరిది ఎంత నిజమో తేల్చుకోవడమే అసలు పని.

కొవ్వు పోయినందువల్ల వచ్చే చలి కొంత ఉంటుంది, దాంతో ప్రమాదం లేదు. కానీ రోజంతా, ఎండాకాలంలో కూడా చలేస్తుంటే, ఎక్కువమందిలో లోపం కంచంలోనే ఉంటుంది. శరీరానికి చాలినంత తిండి అందడం లేదు. కొందరిలో దానికి రక్తహీనత, ఇంకొందరిలో థైరాయిడ్ తోడవుతాయి. అందుకే ఇక్కడ స్వెటర్ల సంగతి చివర్లో వస్తుంది.

ఒళ్లు ఎందుకు చల్లబడుతుంది

చర్మం కింద ఉండే కొవ్వు లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది. ఆ పొర పలచబడితే వేడి త్వరగా పోతుంది. ఇది మొదటి కారణం, సులభంగా అర్థమయ్యేది.

రెండోది, శరీరం చిన్నదైతే పుట్టే వేడి కూడా తగ్గుతుంది. 90 కిలోల మనిషి ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే శక్తి, అదే మనిషి 72 కిలోలకు వచ్చాక ఖర్చవదు. తగ్గిన బరువులో కండ కూడా ఉంటే వేడి ఇంకా తగ్గుతుంది. మామూలు డైటింగ్‌లో కొంత కండ పోతుంది. ప్రొటీన్ తక్కువ తిని, వ్యాయామం నడక ఒక్కటే చేస్తే ఇంకా ఎక్కువ పోతుంది.

మూడోది అందరూ వదిలేసేది. తిండి తగ్గినప్పుడు శరీరం జీతం తగ్గిన ఇల్లులా ప్రవర్తిస్తుంది, ముందు అత్యవసరం కాని ఖర్చులు కోసేస్తుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది. అది చూసి మెదడు పొదుపు మొదలుపెడుతుంది. థైరాయిడ్ గ్రంథి ఇచ్చే టీ4 అనే హార్మోన్‌ను చురుకైన టీ3గా మార్చుకోవడం తగ్గుతుంది. చేతులకు, కాళ్లకు రక్తప్రసరణ తగ్గుతుంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఆడవాళ్లలో నెలసరి తప్పడమూ ఈ పొదుపులో భాగమే.

ఈ పొదుపు ఎంత దూరం వెళ్తుందో 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ చేసిన ప్రయోగం చూపించింది. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 24 వారాల పాటు వాళ్లకు రోజుకు సుమారు 1600 కెలోరీల తిండి పెట్టి, వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిపించారు. బరువులో దాదాపు నాలుగోవంతు తగ్గారు. చలికి తట్టుకోలేక వేసవిలోనూ అదనంగా దుప్పట్లు అడిగారు. వాళ్లు మొదట్లోనే సన్నగా ఉన్నవాళ్లు కాబట్టి, ఒంట్లో నిల్వలున్న మనిషికి అదే లెక్క యథాతథంగా వర్తించదు. అయినా ఒక్క సంగతి గమనించండి: మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే డైట్ చార్టుల్లో ఎన్నో 1200 కెలోరీలవే.

మొదటి పని: బరువు మీరు తగ్గించారా, తనంతట తానే తగ్గిందా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోకుండా ముందుకు వెళ్లొద్దు. మీరు తిండి మార్చి, వ్యాయామం చేసి, ఇంజెక్షన్ వేసుకుని లేదా ఆపరేషన్ చేయించుకుని తగ్గితే మిగతా భాగం మీకోసమే. ప్రయత్నమేమీ లేకుండా ఆరు నుంచి పన్నెండు నెలల్లో బరువులో 5 శాతం, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, చలి సంగతి పక్కనపెట్టి డాక్టర్‌ను కలవాలి.

సాయంత్రం వేళ చలితో జ్వరం, రాత్రి చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇది ఉచితం. విపరీతమైన దాహం, పదేపదే మూత్రానికి వెళ్లడం ఉంటే షుగర్ చూడాలి. మలంలో రక్తం, మింగడం కష్టమవడం, మెడలోనో చంకలోనో గడ్డలు కనిపిస్తే ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. చాలా రోజులు డైటింగ్ చేస్తూ ఉన్నవాళ్లలో అసలు జబ్బు ఆ డైటింగ్ వెనక దాక్కుంటుంది. "ఈసారి డైట్ బాగా పనిచేసింది" అని సంబరపడుతూ ఉంటారు. మామూలుగా నెలకు కిలో తగ్గే మనిషి ఏ మార్పూ లేకుండా నాలుగు కిలోలు తగ్గితే అనుమానించాల్సిందే.

రెండో పని: ఒక వారం రాసిపెట్టండి

నోట్‌బుక్ చాలు, యాప్ అక్కర్లేదు. రోజూ రాయాల్సినవి కొన్నే.

- పొద్దున లేవగానే, కాఫీ తాగకముందు నోట్లో థర్మామీటర్ పెట్టుకుని చూసిన ఉష్ణోగ్రత, ఒక నిమిషం లెక్కపెట్టిన నాడి.
- ఎప్పుడు చలేసింది, ఎక్కడ ఉన్నారు, దానికి ముందు ఎప్పుడు తిన్నారు.
- తిన్నదంతా, పరిమాణంతో సహా. పిల్లల కంచంలో మిగిలినది తిన్నా రాయాలి.
- రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. నిద్ర చాలని మర్నాడు చలి ఎక్కువ తెలుస్తుంది.

నోటి ఉష్ణోగ్రత 97 నుంచి 99 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండటం మామూలు. పొద్దున కొంచెం తక్కువే ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. డిజిటల్ థర్మామీటర్ నాలుక కింద సరిగ్గా పెట్టకపోతే 95 కూడా చూపిస్తుంది, మళ్లీ పెట్టి చూడండి. నిజంగానే 95 కంటే తగ్గి, మాట తడబడుతూ మత్తుగా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముసలివాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. సాయంత్రం 100.4 దాటితే అది జ్వరం. అప్పుడు వచ్చే చలి జ్వరపు చలి, బరువు తగ్గడం వల్ల వచ్చినది కాదు.

క్రీడాకారులు కాని వాళ్లకు కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తక్కువ ఉంటే డాక్టర్‌కు చెప్పండి.

మూడో పని: మీ చలి ఏ రకమో చూడండి

వారం రాశాక ఒక తీరు కనిపిస్తుంది. తిన్న గంటకు ఒళ్లు వెచ్చబడి, తిండికీ తిండికీ మధ్య మళ్లీ చల్లబడుతుంటే, అది దాదాపుగా తిండి చాలని చలే. ఉదయం టిఫిన్ ఎగ్గొట్టి మధ్యాహ్నం దాకా కాఫీల మీద నడిపేవాళ్లలో, పదకొండు గంటలప్పుడు ఏసీ గదిలో ఈ వణుకు స్పష్టంగా ఉంటుంది.

ఆయాసం, మెట్లెక్కితే గుండెదడ, జుట్టు రాలడం, కనురెప్ప లోపలి భాగం పాలిపోవడం ఉంటే రక్తహీనత వైపు చూడాలి. మట్టి, సుద్ద, బియ్యం, ఐసు ముక్కలు తినాలనిపించడం కూడా ఇనుము తగ్గిన గుర్తే. సిగ్గుపడి దాచుకోవద్దు.

మలబద్ధకం, చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం, ముఖం ఉబ్బడం, దాంతోపాటు బరువు తగ్గడం ఆగిపోయి మళ్లీ పెరగడం ఉంటే థైరాయిడ్.

వేళ్లు మాత్రమే, అవీ చల్లటి నీళ్లు తగలగానే తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతుంటే దాన్ని రేనాడ్స్ అంటారు. ఇది చాలామందిలో హానిలేనిదే. ముప్పై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా, కీళ్ల నొప్పులు ఉన్నా, వేళ్ల కొసల్లో పుండ్లు పడినా రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) చూడాలి.

షుగర్ మందులు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒళ్లు చల్లబడి చెమటలు పట్టి, చేతులు వణికి, కంగారుగా ఆకలేస్తే అది చలి కాదు, షుగర్ పడిపోవడం. వెంటనే పరీక్షించుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి.

నాలుగో పని: మందుల చీటీ తీసి చూడండి

85 కిలోలప్పుడు రాసిన మందులు 70 కిలోలకు వచ్చాక కూడా అదే మోతాదులో వేసుకునేవాళ్లు ఎందరో. బరువు తగ్గితే బీపీ తగ్గుతుంది. పాత మోతాదే నడుస్తుంటే పడుకుని లేవగానే కళ్లు తిరుగుతాయి, ఒళ్లు చల్లగా, నీరసంగా ఉంటుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు నేరుగానే చేతులు, కాళ్లు చల్లబరుస్తాయి. అయితే వీటిని సొంతంగా ఆపితే గుండెకు ప్రమాదం. ఆపడం, తగ్గించడం డాక్టర్ పని. షుగర్‌కు వాడే గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ మోతాదులూ బరువుతో పాటు మార్చుకోవాల్సినవే.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని పరగడుపున వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకూ దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. కొత్తగా ఐరన్ మొదలుపెట్టి రెండూ కలిపి మింగడం వల్ల థైరాయిడ్ అదుపు తప్పుతుంది.

2025లో మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాక ఈ చలి ఫిర్యాదుకు మరో దారి తెరుచుకుంది. వాటిలోని మందులు టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఆకలిని అణిచేస్తాయి. ఆకలే తెలియని మనిషి రోజుకు రెండు ఇడ్లీలు, ఒక కప్పు పెరుగన్నంతో సరిపెట్టుకుని, తనకు ఏ లోటూ లేదనుకుంటాడు. ఈ ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లు ఆకలి కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి తినాలి. బరువు తగ్గడానికి పొట్టకు చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవాళ్లకు ఇనుము, బీ12, ఇతర విటమిన్లు జీవితాంతం అవసరం. మొదటి ఏడాది వేసుకుని మానేసినవాళ్లు చలితో వస్తే ముందుగా అడగాల్సిన ప్రశ్న అదే.

ఐదో పని: రక్తపరీక్షలు, తక్కువే కానీ సరిగ్గా

"ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీలో 80 పరీక్షలు చేసి, ఒంట్లో ఇనుము నిల్వలు చూపే ఫెరిటిన్ వదిలేసే ల్యాబులున్నాయి. మీకు కావలసినవి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4 (ఈ రెండూ థైరాయిడ్‌కు), బీ12, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీలకు). మిగతావి డాక్టర్ చెబితేనే.

హిమోగ్లోబిన్ గర్భిణులు కాని ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే డైటింగ్ మొదలుపెట్టే రోజుకే సగం మందికి పైగా లోటుతో ఉన్నారు. పెద్దమ్మ మాట ఉత్తినే కొట్టిపారేయకూడదు.

హిమోగ్లోబిన్ బాగుండి ఫెరిటిన్ మాత్రం అడుగంటిన వాళ్లూ ఉంటారు. 15 లోపు ఉంటే ఇనుము నిల్వలు ఖాళీ అయినట్టే. చాలామంది డాక్టర్లు 30 లోపే చికిత్స మొదలుపెడతారు. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది కాబట్టి జ్వరం తగ్గాకే చేయించండి.

టీఎస్‌హెచ్ విషయంలో ఒక చిక్కు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లకు థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావొచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో కూడా చెప్పండి. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉండి టీ3 మాత్రం తక్కువొస్తే, అది పైన చెప్పిన పొదుపే. దానికి మందు తిండి. ఈ రిపోర్టు పట్టుకుని థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టడం, అదీ బరువు తగ్గడానికి పనికొస్తుందని ఆశపడటం, గుండెకూ ఎముకలకూ చేటు.

ఆరో పని: కంచం సరిచేయడం

ఇక్కడే ఎక్కువమందికి గుణం కనిపిస్తుంది, ఎక్కువమంది భయపడేదీ ఇక్కడే. "తింటే మళ్లీ పెరిగిపోతాను" అన్న భయం. కాబట్టి ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా పెంచండి.

ముందు వేగం చూసుకోండి. వారానికి అర కిలో నుంచి కిలో తగ్గడం మంచి వేగం. అంతకంటే వేగంగా తగ్గుతూ వణుకుతుంటే డైటింగ్‌ను రెండు, మూడు వారాలు ఆపేయండి. ఆపడమంటే బిర్యానీ పండగ కాదు. ఇప్పుడు తింటున్నదానికి రోజుకు 150–200 కెలోరీలు కలపడం: ఒక గరిటెడు అన్నంతో పాటు ఒక చెంచా నెయ్యి, లేదా గుప్పెడు పల్లీలు. వారం ఆగి బరువు చూడండి. మొదటి వారంలో కిలో దాకా పెరగొచ్చు. అది కొవ్వు కాదు, పిండిపదార్థంతో పాటు ఒంట్లో చేరే నీరు. దాన్ని చూసి బెంబేలెత్తి మళ్లీ తగ్గించేస్తే మొదటికొస్తుంది. బరువు నిలబడితే మళ్లీ అంతే కలపండి. ఒళ్లు వెచ్చబడి, నిద్ర బాగుపడి, బరువు ఒకచోట నిలిచేదాకా ఇలా సాగాలి.

ఇంకా తగ్గాలా వద్దా అన్నది కూడా అప్పుడే ఆలోచించండి. భారతీయులకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 18.5 నుంచి 22.9 వరకు ఆరోగ్యకరం. 18.5 దగ్గరపడ్డాక కూడా అద్దంలో లావుగానే కనిపిస్తున్నట్టు అనిపించడం, అన్నం ముద్ద చూస్తే తప్పు చేస్తున్నట్టు తోచడం, ఒంటి మీద నూగు వెంట్రుకలు మొలవడం, మూడు నెలలు నెలసరి రాకపోవడం — ఇవి మానసిక వైద్యుల సాయంతో చూడాల్సిన తిండి జబ్బు గుర్తులు. వయసొచ్చిన పిల్లల్లో ఇవి కనిపిస్తే తల్లిదండ్రులు "డైటింగ్ పిచ్చి" అని నవ్వేయకూడదు.

ప్రొటీన్ సంగతి. తిన్నదాన్ని అరిగించుకోవడంలో పుట్టే వేడి ప్రొటీన్‌కే ఎక్కువ: దాని కెలోరీల్లో 20–30 శాతం వేడిగానే ఖర్చవుతుంది. పిండిపదార్థాలకు అది 5–10 శాతం, కొవ్వుకు మూడు శాతం లోపే. పైగా కండను కాపాడేది అదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చెబుతుంది. బరువు తగ్గుతున్నవాళ్లకు, వ్యాయామం చేసేవాళ్లకు 1.2 నుంచి 1.6 గ్రాములు మేలు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా పెంచకూడదు.

65 కిలోల మనిషికి అది 80 గ్రాముల దగ్గర. మన ఇళ్లలో ఇది సులభంగా రాదు. పప్పుచారులో పప్పు ఎంత ఉంటుందో అందరికీ తెలిసిందే. ఉలవచారు రుచికి గొప్పదే, కానీ ప్రొటీన్ చాలావరకు వడకట్టి తీసేసిన ఉలవల్లోనే ఉంటుంది, ఉలవ గుగ్గిళ్లు తింటేనే లెక్కలోకి వస్తుంది. పొద్దున 50 గ్రాముల పెసలతో రుబ్బిన పెసరట్లు, పక్కన ఒక గుడ్డు తింటే 18 గ్రాములు. మధ్యాహ్నం గట్టి ముద్దపప్పు, పెరుగు, కూరలో 50 గ్రాముల మీల్‌మేకర్ వేస్తే దాదాపు 40. మాంసం తినేవాళ్లకు మీల్‌మేకర్ బదులు 120 గ్రాముల కోడికూరో చేపలపులుసో సరిపోతుంది. సాయంత్రం గుప్పెడు పల్లీలు, రాత్రి గ్లాసు పాలు, రెండు గుడ్లో 75 గ్రాముల పనీరో. శాకాహారులు పెరుగు, పాలు మానేస్తే బీ12 దారి కూడా మూసుకుపోతుంది, గుర్తుంచుకోండి.

అన్నం పూర్తిగా మానేయడం మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. షుగర్ అదుపుకు అన్నం తగ్గించడం మంచిదే, కానీ పిండిపదార్థాలు దాదాపు సున్నా చేస్తే టీ3 ఇంకా పడిపోతుంది. చలి భరించలేనంతగా ఉన్నవాళ్లు పూటకు ఒక కప్పు అన్నమో, జొన్నరొట్టో, రాగిసంకటో తిరిగి తెచ్చుకుని రెండు వారాలు చూడండి. షుగర్ ఉన్నవాళ్లు రీడింగ్ చూసుకుంటూ చేయాలి. పదహారు గంటల ఉపవాసం చేసేవాళ్లు చలి తగ్గేదాకా దాన్ని పన్నెండుకు తగ్గించి, పొద్దుటి టిఫిన్ తిరిగి మొదలుపెట్టాలి.

మిరియాల చారు, శొంఠి కాఫీ, అల్లం టీ తాగితే వెచ్చగా అనిపిస్తుంది, హాయిగా తాగండి. ఆ వెచ్చదనం కాసేపే. ఆవకాయ "వేడి చేస్తుంది" కాబట్టి ఎక్కువ వేసుకుంటే చలి తగ్గదు, బీపీ పెరుగుతుంది.

ఏడో పని: ఇనుము తక్కువైతే

మాత్ర లేకుండా తిండితోనే భర్తీ చేస్తానంటే, ఫెరిటిన్ అడుగంటినవాళ్లకు అది కుదరని పని. డాక్టర్ రాసిన మాత్ర, చెప్పిన లెక్కలో వేసుకోండి. నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. పాలు, టీ, కాఫీ, క్యాల్షియం మాత్ర దానికి దూరంగా ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటును గంట వెనక్కి జరిపితే తిండిలోని ఇనుము కూడా ఎక్కువ అందుతుంది. మాంసం తినేవాళ్లకు మేక కాలేయం (లివర్) మంచి వనరు, గర్భిణులు మాత్రం వద్దు. తోటకూర, నువ్వులు, పప్పుల మీద నిమ్మకాయ పిండుకోండి.

మలం నల్లగా వస్తే కంగారు పడకండి, సాధారణంగా అది మాత్ర రంగే. మలబద్ధకం, వికారం భరించలేకపోతే మానేయకుండా డాక్టర్‌తో చెప్పి మార్పించుకోండి. పరీక్ష చేయకుండా ఊహ మీద ఐరన్ వాడకూడదు. తలసీమియా అనే వంశపారంపర్య రక్తలోపం ఉన్నవాళ్లలో రక్తం తక్కువున్నా ఇనుము ఎక్కువే ఉండొచ్చు. మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఇనుము తగ్గిందంటే రక్తం ఎక్కడో పోతోందేమోనని అనుమానించాలి. మొలలు (పైల్స్) ఉన్నాయో, పొట్టలో పుండుందో, పేగుల్లో ఇంకేదైనా ఉందో వెతకాలి.

ఎనిమిదో పని: కండ పెంచడం

నడక మంచిదే, కానీ నడిచినంత మాత్రాన పోయిన కండ తిరిగిరాదు. వారానికి రెండు, మూడు రోజులు బరువులు ఎత్తడం కావాలి. జిమ్ లేకపోయినా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు ఆనుకుని దండీలు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తడంతో మొదలుపెట్టొచ్చు. సులువైన కొద్దీ బరువు పెంచాలి. పగలంతా కూర్చుని పనిచేసేవాళ్లు గంటకోసారి లేచి రెండు అంతస్తులు ఎక్కి దిగితే చేతులు వెచ్చబడతాయి. తిండి చాలని రోజుల్లో మాత్రం రెండు గంటల కార్డియో పెట్టుకోకండి. పొదుపులో ఉన్న శరీరం మీద ఇంకో కోత పెట్టినట్టవుతుంది.

ఇక బట్టలు, ఏసీ, పడక

బరువు తగ్గాక పాత చొక్కాలు వదులైపోతాయి, వాటి కిందినుంచి గాలి ఆడుతుంది. ఒంటికి పట్టి ఉండే బనియనో థర్మలో లోపల ఒకటి వేసుకుంటే, పైన మందపాటి స్వెటర్ ఒక్కటి వేసుకున్నదాని కంటే వెచ్చగా ఉంటుంది. సాక్సులు, చెవులు కప్పే మఫ్లర్ ముందు, జాకెట్ తర్వాత. చెమట పట్టి తడిసిన కాటన్ బనియన్ వెంటనే మార్చేయాలి. జనవరిలో లంబసింగికో, ఆదిలాబాద్ ఏజెన్సీకో వెళ్లేవాళ్లకూ, న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్నవాళ్లకూ ఇది మరీ అవసరం.

ఆఫీసులో ఏసీ గాలి నేరుగా తగిలే సీటు మార్చమని అడగండి. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. ఇంట్లో 18కి దించే మనిషితో గొడవ పడేటప్పుడు ఆ సంగతి పనికొస్తుంది.

తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు వేడినీళ్ల బ్యాగును కాళ్లకు పెట్టుకోకూడదు, కాలినా తెలియదు. మిగతావాళ్లు తువ్వాలు చుట్టి, పడక వెచ్చబడ్డాక తీసేయండి. మద్యం తాగితే వెచ్చగా అనిపించేది, లోపలి వేడి చర్మానికి వచ్చి బయటికి పోతున్నందువల్ల. సిగరెట్ వేళ్ల రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది.

ఎన్నాళ్లకు తగ్గుతుంది

తిండి చాలని చలి, సరిగ్గా తినడం మొదలుపెట్టిన కొన్ని వారాల్లో తేలికపడుతుంది. ఇనుము మాత్రలతో హిమోగ్లోబిన్ నెలలోపే పెరగడం కనిపిస్తుంది, నిల్వలు నిండటానికి మాత్రం ఇంకో మూడు నెలలు వాడాలి. బాగుందని మధ్యలో మానేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ మొదలు. థైరాయిడ్ మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించాలి, అంతకు ముందు చేయిస్తే అంకె తప్పుదారి పట్టిస్తుంది. కండ వల్ల వచ్చే మార్పుకు నెలలు పడుతుంది.

కొవ్వు పొర తగ్గినందువల్ల వచ్చిన భాగం మాత్రం మిగులుతుంది. అన్నీ సరిగ్గా ఉండి, నాడి బాగుండి, నెలసరి సక్రమంగా వస్తూ, ఏసీ గదిలో మాత్రమే చలేస్తుంటే అది మీ కొత్త శరీరం తీరు, ఒక శాలువా దగ్గర పెట్టుకోండి. తిండి పెంచి, లోటు భర్తీ చేసి మూడు నెలలైనా ఎండలో కూడా వణుకుతుంటే, లేదా నీరసం, కళ్లు తిరగడం, ఉప్పు మీద యావ, చర్మం నల్లబడటం తోడైతే, రాసిపెట్టిన నోట్‌బుక్, రిపోర్టులు, మందుల చీటీ పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. అడ్రినల్ గ్రంథి పనితీరు తెలిపే కార్టిసాల్ పరీక్ష అవసరమా కాదా అన్నది అక్కడ తేలుతుంది.